బస్తీకి చేరని హెచ్చరిక

విపత్తు నిర్వహణ చట్టానికి పార్లమెంటు చేసిన సవరణలు 2025 ఏప్రిల్ 9 నుండి అమలులోకి వచ్చాయి. వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చింది దానికి సరిగ్గా ఒక రోజు ముందు. ఆ దినాలలో మన సమాజం ఆలోచననంతటినీ వక్ఫ్ ఆక్రమించుకోవడం సహజమే. మేమూ అందుకు మినహాయింపు కాదు. కాని ఆ రెండవ చట్టాన్ని చదవకుండా ప్రక్కన పెట్టడం మాత్రం మన పొరపాటు. అది కూడా మన ఇండ్లకు, మన ప్రాణాలకు సంబంధించిన చట్టమే.

ఆ సవరణలలో రెండు అంశాలు గమనించదగినవి. జాతీయ స్థాయిలోను, రాష్ట్ర స్థాయిలోను విపత్తు సమాచార నిధిని సిద్ధం చేయాలని చట్టం చెప్పింది. ఏ ప్రాంతానికి ఏ ప్రమాదం పొంచి ఉన్నది, నిధులు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు, సంసిద్ధత ప్రణాళిక ఏమిటి అనేవన్నీ అందులో ఉండాలి. రెండవది, రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు. వీటిని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు అని ఉన్నదే కాని చేసి తీరాలని లేదు. చట్టాలలో ‘వచ్చు’ అన్న పదం వెనుక ఎన్ని సంవత్సరాలు గడిచిపోగలవో మైనారిటీ హక్కుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటర్లలో ఏ పట్టిక ఉంటే మనకేమి, లేకపోతే మనకేమి అని కొందరు అనుకోవచ్చు. ఈ పట్టికల ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఎవరో చూద్దాం.

జిల్లాలలో ఏ యంత్రం ఎక్కడ ఉన్నది, ఏ పడవ ఎవరి వద్ద ఉన్నది, ఏ నిపుణుణ్ణి పిలవాలి అన్న వివరాలను ఒకచోట చేర్చే జాతీయ వనరుల పట్టిక 2003 సెప్టెంబరులోనే మొదలయింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఆ తరువాత దేశానికంతటికీ అత్యవసర సమాచారాన్ని పటాలతో సహా ఒకే తెరమీద చూపే ఎన్‌డీఈఎం అనే సమాచార నిధిని తలపెట్టారు. అది 2011 ఆగస్టు నాటికి పూర్తి కావలసి ఉండింది. 2013 ఏప్రిల్‌లో కాగ్ తన నివేదికను పార్లమెంటు ముందు ఉంచేనాటికి కూడా అది పనిలోకి రాలేదు. అదే నివేదిక మరో మాట కూడా చెప్పింది: ఉత్తరాఖండ్ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 2007లో ఏర్పడినది మొదలు ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. ఆ నివేదిక వెలువడిన రెండు నెలలలోపే, 2013 జూన్ 16, 17 తేదీలలో, కేదార్‌నాథ్ లోయ కొట్టుకుపోయింది. వేలాది యాత్రికులు, స్థానికులు మరణించారు. ఆ మరణాలన్నీ ఒక సాఫ్ట్‌వేర్ ఆలస్యం వలన జరిగాయని మేము అనడం లేదు. ఆలస్యమవుతున్నదని వ్రాతపూర్వకంగా తెలిసి కూడా ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదన్నదే మా అభ్యంతరం.

ఆ సమాచార నిధి తరువాత పనిలోకి వచ్చింది, విడతలు విడతలుగా మెరుగుపడింది కూడా. వరదల వేళ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ముంపు పటాలు నేడు అధికారులకు అందుతున్నాయి. దానిని నిర్వహిస్తున్నది జాతీయ దూర సంవేదన కేంద్రం. ఆ కేంద్రం హైదరాబాదులోనే, బాలానగర్‌లో ఉన్నది. ఇక బాలాపూర్ సంగతి చూడండి. బాలానగర్ నుండి బాలాపూర్‌కు నగరాన్ని ఒక అంచు నుండి మరో అంచుకు దాటితే చాలు.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు మీద కురిసిన వాన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి నిద్రలో ఉన్నవారి ప్రాణాలు పోయాయి. మైలార్‌దేవ్‌పల్లి వద్ద పల్లె చెరువు నీరు అలీనగర్ మీద పడి, ఒకే కుటుంబంలోని ఎనిమిది మందిని ఈడ్చుకుపోయింది. నాలుగు దినాల తరువాత, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్ బాబా నగర్ మునిగింది. మొదటి వరద బురదను అప్పుడప్పుడే ఎత్తిపోసుకున్న కుటుంబాలు రెండవసారి మేడల మీదికి పరుగెత్తాయి. బుర్హాన్ ఖాన్ చెరువు క్రింద ఉస్మాన్ నగర్‌లోనైతే నీరు నెలల తరబడి ఇండ్లలోనే నిలిచిపోయింది.

ఆ రాత్రి వర్షం ఎంత పడుతున్నదో ఎవరికీ తెలియకుండా పోలేదు. నగరమంతటా స్వయంచాలక వర్షమాపకాలున్నాయి. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు నమోదయిన సంగతి వెంటనే బయటికి వచ్చింది. బస్తీ వాసికి కావలసింది ఘట్‌కేసర్ లెక్క కాదు. తన పైనున్న చెరువు నిండిందా, కట్ట నిలుస్తుందా, అలుగు పారితే ఆ నీరు ఏ గల్లీ గుండా వస్తుంది, ఎన్ని గంటలలో వస్తుంది, తాను ఏ వైపు వెళ్ళాలి – ఇవీ అతనికి కావలసినవి. వాన లెక్క ఒకచోట, చెరువు లెక్క మరొక శాఖలో, నాలా లెక్క ఇంకొక శాఖలో, ఇండ్ల లెక్క నగరపాలక సంస్థలో ఉంటే ఈ ప్రశ్నలలో ఒక్కదానికీ సమాధానం దొరకదు. వాటిని ఒక తాటి మీదికి తేవడమే అత్యవసర సమాచార వ్యవస్థ చేయవలసిన పని.

ఇది క్రొత్తగా తెలిసిన సత్యం కూడా కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ ఒక్క రోజే పోగొట్టుకున్నారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూట యాభై మంది దాకా బ్రతికి బయటపడ్డారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మొదట చేసిన పని లెక్క తీయడం. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగిపోయాయని ఆయన తేల్చారు. ఒక చెరువు తెగి క్రిందిదాన్ని, అది తెగి దాని క్రిందిదాన్ని ముంచుకుంటూ వచ్చిన గొలుసుకట్టు విపత్తు అది. ఆ లెక్కల మీదనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మాణమయ్యాయి. కాగితం, కలం తప్ప మరేమీ లేని కాలంలో చెరువు చెరువుకూ లెక్క దొరికింది. 112 సంవత్సరాల తరువాత గుర్రం చెరువు క్రింది కుటుంబానికి ఆ చెరువు సంగతి చెప్పినవారు లేరు.

2025 సెప్టెంబరు చివరలో మూసీ నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చినప్పుడు చాదర్‌ఘాట్, మూసానగర్ వాసులను ముందుగా ఖాళీ చేయించగలిగారు. జంట జలాశయాల గేట్ల నుండి ఎంత నీరు వదులుతున్నారో కొలత ఉన్నది కనుక అది సాధ్యమయింది. ఆ మేరకు అధికారులను అభినందిస్తాము. అయితే ఆ కొలత నదికే పరిమితం. పాతబస్తీ దక్షిణాన, ఇటీవలి ముప్ఫై నలభై సంవత్సరాలలో మన పేద కుటుంబాలు అప్పుచేసి కొనుక్కున్న అరవై, డెబ్బై గజాల స్థలాలు నది ఒడ్డున లేవు. అవి చెరువుల క్రింద ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే కథ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలోని అజిత్ సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. ఆ బస్తీలలో రోజు కూలీలతో పాటు మన ముస్లిం కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి టీవీలో నిమిష నిమిషానికీ వినబడుతూనే ఉన్నది. వెనుక నుండి బుడమేరు వస్తున్నదని మాత్రం తమకు ఎవరూ చెప్పలేదని సింగ్ నగర్ వాసులు మొత్తుకున్నారు. అదే రోజు ఖమ్మంలో ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకొని పగలంతా హెలికాప్టర్ కోసం ఎదురు చూశారు. హెలికాప్టర్ రాలేదు. చీకటి పడ్డాక మన సమాజానికే చెందిన ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి మున్నేరులోకి బండి నడిపి వారందరినీ గట్టెక్కించాడు. దేశమంతా అతన్ని మెచ్చుకున్నది, మేమూ గర్వించాము. కాని ఏ యంత్రం, ఏ డ్రైవరు ఎక్కడ ఉన్నారో కలెక్టరుకు చెప్పే పట్టిక 2003లోనే ఆరంభమయిందని పైన వ్రాశాము. ఆ రోజు ఆ జేసీబీ కదిలింది ఒక మనిషి తనంతట తానుగా చేసిన సాహసం వలన.

వరద తీసిన తరువాత జరిగేది మరో వరద. 2020లో ప్రభుత్వం కుటుంబానికి పది వేల రూపాయల సహాయం ప్రకటించింది. మొదట నగదు ఇంటింటికీ పంచారు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ఫిర్యాదులు పెరిగాక మీసేవా కేంద్రాల ద్వారా దరఖాస్తు చేసుకోమన్నారు. నవంబరులో ఆ కేంద్రాల ముందు తెల్లవారుఝాము నుండే స్త్రీలు, ముసలివారు బారులు తీరారు. నవంబరు 18న ఎన్నికల నియమావళి కారణంగా అదీ నిలిచిపోయింది. వరదలో ఆధార్ కార్డు కొట్టుకుపోయిన మనిషిని ఆధార్ నకలు తెమ్మని అడగడం ఎంత విడ్డూరమో ఆ బారులలో నిలబడినవారికి తెలుసు. ఏ ఇల్లు ఏ ముంపులో ఉన్నదో ముందే నమోదై ఉంటే ఆ బారులు ఎందుకు? విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలోను, పరిహారంలోను లింగం, కులం, వర్గం, వంశం, మతం ప్రాతిపదికన వివక్ష చూపరాదని స్పష్టంగా చెబుతున్నది. అయితే వివక్ష జరిగిందని నిరూపించాలన్నా, జరగలేదని నిరూపించాలన్నా బస్తీల వారీ లెక్క కావాలి. ఆ లెక్కే లేనప్పుడు 61వ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

ప్రభుత్వాలకు సాఫ్ట్‌వేర్ చేతకాదని ఎవరైనా అంటే మేము నమ్మము. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ పలు శాఖల సమాచారాన్ని కలిపి, ఎవరికి కారు ఉన్నది, ఎవరికి ఇల్లున్నది అని తేల్చి రేషన్ కార్డుల ఏరివేతకు ఉపయోగపడింది. రిక్షా తొక్కుకొని బ్రతికిన మనిషికి కారు ఉన్నదని చెప్పి ఆ కుటుంబం నోటి దగ్గరి బియ్యం తీసివేసిన ఉదంతం కూడా బయటికి వచ్చింది. చివరకు, 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. పోలీసుల ఫోన్లలో ముఖాలను గుర్తుపట్టే సాధనం 2018 నాటికే చేరిపోయింది. పేర్లు కొట్టివేయడానికి, ముఖాలు పోల్చుకోవడానికి శాఖల మధ్య సమాచారం క్షణాలలో ప్రవహించింది. చెరువు నీటి మట్టానికి వచ్చేసరికి అదే సమాచారం ఒక శాఖ గడప దాటి మరో శాఖకు చేరలేకపోతున్నది.

ఇక్కడ మన వారిలో ఉన్న ఒక జంకును గురించి దాచకుండా మాట్లాడాలి. మా వివరాలు మేము ఎందుకివ్వాలి అని అడిగేవారున్నారు. వారిది అజ్ఞానం కాదు, అనుభవం. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ లెక్కలు చెప్పే అధికారిక సమావేశాలలో తబ్లీగ్ జమాతు వారి సంఖ్యను ప్రత్యేకించి ప్రకటించిన రోజులను మనం మరచిపోలేదు. ఆ ప్రకటనల తరువాత కూరగాయల బండి మీద కూడా మతం వెదికారు. ఆ జమాతు సభ్యుల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనబడుతున్నదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో వ్యాఖ్యానించింది. విపత్తు సమాచారం ఒక సమాజం మీద ఎలా తిరగబడగలదో అంతకంటే వేరే నిదర్శనం అవసరం లేదు.

రెండవ జంకు ఇల్లు గురించి. 2024లో ఏర్పడిన హైడ్రా పేరులో విపత్తు ప్రతిస్పందన ముందున్నది, ఆస్తుల రక్షణ తరువాత ఉన్నది. జనానికి మాత్రం అది కూల్చివేతల ద్వారానే పరిచయమయింది. మా ఇల్లు ముంపులో ఉన్నదని మేమే వ్రాసి ఇస్తే, రేపు ఆ కాగితమే పట్టుకొని చెరువు హద్దులో ఉన్నావని బుల్డోజరు తెస్తారేమో అన్న భయం ఆ బస్తీలలో ఉన్నది. ఆ ఇండ్లలో చాలావాటికి రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు ఉన్నది, నీటి బిల్లు, ఇంటి పన్ను కడుతున్నారు. తప్పు అమ్మినవానిది, అనుమతి ఇచ్చినవానిది, శిక్ష కొన్నవానికి. ఈ భయం తొలగనంతవరకు ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా జనం అందులో తమ ఇంటి పేరు వ్రాయరు.

2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా ఈ విషయంలో మనకు ధైర్యం ఇవ్వదు. 7వ సెక్షన్‌లో ఒక నిబంధన ప్రకారం విపత్తు వేళ సహాయం కోసం మన సమాచారాన్ని మన సమ్మతి లేకుండానే వాడుకోవచ్చు. అంతవరకు న్యాయమే, మునిగిపోతున్నవాణ్ణి సంతకం అడగలేము. కాని అదే నిబంధనలో, అదే వాక్యంలో, శాంతిభద్రతలకు భంగం కలిగిన సందర్భాన్ని కూడా చేర్చారు. అక్కడ కూడా భద్రత కల్పించడం, సహాయపడడం అనే మాటలే ఉన్నాయి, నిజమే. కాని వరదకు వ్రాయించుకున్న పేర్ల పట్టికను అల్లర్ల నాడు ఎవరు తెరుస్తారు, దేనికి తెరుస్తారు అన్న ప్రశ్న వేయకుండా ఉండలేము.

అందుచేత మేము రెండు మాటలను విడదీయకుండా అడుగుతున్నాము. సమాచార వ్యవస్థ వెంటనే రావాలి. దానికి హద్దులు కూడా దానితోనే రావాలి. అందులో మతం గడి ఉండనక్కరలేదు. నీరు మతం చూసి రాదు. గల్లీ, ఇంటి ఎత్తు, మంచం దిగలేని వృద్ధులు, గర్భిణులు, డయాలసిస్ రోగులు – ఇవి చాలు. ఆ వివరాలను కూల్చివేతకు గాని, రేషన్ కార్డు రద్దుకు గాని, పోలీసు విచారణకు గాని వాడబోమని ఉత్తర్వులోనే వ్రాయాలి. చెరువు మట్టం, కట్ట పరిస్థితి మాత్రం దాచిపెట్టవలసిన సమాచారం కాదు. ఎన్‌డీఈఎం ప్రధానంగా అధికారుల కోసం రూపొందినది. చెరువు క్రింద నిద్రపోయేవాడు కూడా ఆ తెరను చూడగలగాలి.

హెచ్చరిక ఏ భాషలో రావాలన్నది చిన్న విషయం కాదు. 2023లో పెద్ద శబ్దంతో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగి, తెరమీద పరీక్షా సందేశం కనబడినప్పుడు ఎందరో కంగారుపడ్డారు. ఫోను పాడయిందనుకున్నవారున్నారు. ఒక సెల్ టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ క్షణాలలో చేరే ఈ పద్ధతి మంచిదే, రావలసినదే. తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. హెచ్చరిక తెలుగుతో పాటు ఉర్దూలోనూ రావడం దయ కాదు, చట్టం. అంతకంటే ముఖ్యంగా అది చదివేదిగా కాక వినబడేదిగా ఉండాలి. మన ఇండ్లలో దాదీమాకు ఫోను ఎత్తడం వచ్చు, సందేశం చదవడం రాదు.

ఈ సందర్భంలో మన మసీదులు చేయగల పని ఉన్నది. 2020లో అనేక మసీదుల మీది మైకులే ఆ రాత్రి బస్తీలను మేల్కొలిపాయి. ఆ తరువాత ఫంక్షన్ హాళ్ళు, మదర్సాలు వంటశాలలయ్యాయి. వడ్డించేటప్పుడు ఎవరూ ఎవరి మతమూ అడగలేదు. ఈ సేవకు పట్టిక లేదు, ముందు సన్నాహం లేదు. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో దీవాన్ అనే పట్టికను ఏర్పరచి, ప్రజాధనంలో ఎవరి వాటా ఎవరికి చేరాలో పేరుపేరునా వ్రాయించారని మన పిల్లలకు చెబుతుంటాము. మహల్లాలో మంచాన పడినవారు ఎవరో, ఒంటరి వితంతువులు ఎందరో, ఎత్తైన మేడ ఎవరిదో మన జమాతు వద్ద వ్రాసి ఉన్నదా అంటే లేదనే చెప్పాలి. ప్రభుత్వ ఆలస్యాన్ని ప్రశ్నించే మనం ఈ పనిని వచ్చే వర్షాకాలానికి వాయిదా వేయడానికి సాకు లేదు. ఇమామ్ గారు, ముతవల్లి గారు, మహల్లాలోని ఇద్దరు ముగ్గురు యువకులు, స్త్రీల వివరాలు అడగడానికి ఒకరిద్దరు చదువుకున్న ఆడపిల్లలు ఉంటే నాలుగు జుమాల మధ్య ఈ పని పూర్తవుతుంది. ఆ పుస్తకం మసీదులోనే ఉండాలి. అత్యవసర వేళ సహాయక బృందానికి చూపాలి, తిరిగి తెచ్చుకోవాలి.

ప్రభుత్వాన్ని అడగవలసింది మాత్రం కాగితం మీదనే అడగాలి. చెరువుల క్రింది బస్తీలలో నివసించే పాఠకులు సమాచార హక్కు చట్టం క్రింద నగరపాలక సంస్థకు, నీటిపారుదల శాఖకు, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఈ ప్రశ్నలు పంపవలసిందిగా కోరుతున్నాము. మా బస్తీ పైన ఏ చెరువు ఉన్నది, దాని కట్టను చివరిసారి ఎప్పుడు పరిశీలించారు, అందులో నీటి మట్టం కొలిచే పరికరం ఉన్నదా, ఆ కొలత ఏ కార్యాలయానికి చేరుతున్నది, కట్ట తెగే ప్రమాదం ఉంటే మాకు ఎవరు, ఎలా చెబుతారు, రాష్ట్ర విపత్తు సమాచార నిధిలో మా బస్తీ పేరు ఉన్నదా. సమాధానానికి చట్టం ఇచ్చిన గడువు 30 దినాలు. వచ్చిన సమాధానాల నకళ్ళు మాకు పంపండి. వాటిని, గడువు దాటినా సమాధానం రాకపోతే ఆ దరఖాస్తు తేదీని, చెరువు పేరుతో సహా ఈ పుటలలో ప్రచురిస్తాము.